హెపటైటిస్ సి రిపోర్ట్ కోసం ఎదురుచూసే రోజులు: తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ల్యాబ్ కౌంటర్ దగ్గర కూర్చునే పని నాది. డాక్టర్‌ని కాదు, మందులు రాసే అర్హత నాకు లేదు. కానీ హెచ్‌సీవీ (లివర్‌ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్) రియాక్టివ్ అని కాగితం చేతికి వచ్చినప్పటి నుంచి రెండో టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా మనుషులు పడే అవస్థ రోజూ చూస్తా ఉంటా, అడిగే డౌట్లు కూడా చానా వరకు అవే. ఆ మధ్య రోజుల్లో భయంతో తీసుకునే తొందర నిర్ణయాలు, అంటే పసరు తాగడం, సంబంధం వదులుకోవడం, చేసే పని మానేయడం, ఇవి జబ్బు కంటే ఎక్కువ నష్టం చేస్తాయని నాకు గట్టిగా అనిపిస్తుంది, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోయి చదువుకోండి, వరసగా చదవాల్సిన పని లేదు.

## మొదటి టెస్ట్‌లో "రియాక్టివ్" అని వచ్చినప్పుడు

కంటి ఆపరేషన్‌కి ముందు బ్లడ్ టెస్ట్ చేస్తే హెచ్‌సీవీ రియాక్టివ్ అన్నారు. అంటే నాకు జబ్బు ఉన్నట్టేనా?

ఇంకా తేలలేదు. ఈ మొదటి టెస్ట్ చూసేది వైరస్‌ని కాదు, యాంటీబాడీలని. అంటే ఎప్పుడో ఒకసారి ఆ వైరస్ మీ ఒంట్లోకి వచ్చి ఉండొచ్చు, దానికి ఒళ్ళు ఎదురు తిరిగిన గుర్తు అది. వైరస్ సోకిన ప్రతి 100 మందిలో సుమారు 30 మందికి ఏ మందూ వాడకుండానే ఆరు నెలల్లోపు అదే పోతుంది, కానీ యాంటీబాడీలు మాత్రం ఏళ్ళ తరబడి, చానా మందికి జీవితాంతం ఉండిపోతాయి. కొందరికి వైరస్ ఎప్పుడూ సోకకుండానే టెస్ట్ పొరపాటుగా రియాక్టివ్ చూపిస్తుంది. ఇప్పుడు వైరస్ ఉందా లేదా అని తేల్చేది హెచ్‌సీవీ ఆర్ఎన్ఏ అనే పీసీఆర్ టెస్ట్. అది వచ్చేదాకా మీకు మీరే పేషెంట్ అని ముద్ర వేసుకోవద్దు.

ఇంకో ల్యాబ్‌లో కార్డ్ టెస్ట్ చేయిస్తే నాన్ రియాక్టివ్ వచ్చింది. ఏది నమ్మాలి?

రెండూ పక్కన పెట్టి ఆర్ఎన్ఏ టెస్ట్‌కి పోండి. ఒక ల్యాబ్‌లో కార్డ్, ఇంకో ల్యాబ్‌లో ఎలీసా, మూడో చోట మిషన్ మీద, ఇట్లా ఊరంతా తిరిగి యాంటీబాడీ టెస్టులే మళ్ళీ మళ్ళీ చేయించేవాళ్ళు ఉన్నారు, ఆ డబ్బుల్లో పీసీఆర్ అయిపోతుంది. డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు మాత్రం రెండు కాగితాలూ తీసుకుపోండి, నచ్చిన దాన్ని మాత్రమే చూపించొద్దు.

నా రిపోర్ట్‌లో 1.4 అని ఉంది, మా వార్డ్‌లో ఇంకొకాయనకి 16 అని ఉంది. నంబర్ పెద్దదైతే జబ్బు ముదిరినట్టా?

కాదండి. ఆ నంబర్ మిషన్ పట్టుకున్న సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో చెప్తుంది, చానా మిషన్లలో 1 దాటితే రియాక్టివ్ అని రాస్తారు. 1కి కొంచెం పైన వచ్చినవాటిలో పొరపాటు పాజిటివ్‌లు ఎక్కువ, పెద్ద నంబర్ వస్తే నిజంగా వైరస్ తగిలి ఉండే అవకాశం ఎక్కువ, అంతవరకే. లివర్ ఎట్లా ఉందో ఆ నంబర్ చెప్పదు.

నాకు తాగుడు లేదు, చెడు తిరుగుళ్ళు లేవు. ఇది ఎట్లా వచ్చింది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు మనుషుల గొంతులో సిగ్గు వినిపిస్తుంది, అది నాకు చానా బాధ కలిగిస్తుంది. హెపటైటిస్ సి రక్తం నుంచి రక్తానికి వచ్చేది, మంచి మనిషా చెడ్డ మనిషా అని చూసి రాదు. మన దేశంలో రక్త దానంలో హెచ్‌సీవీ టెస్ట్ తప్పనిసరి చేసింది 2001-02 ప్రాంతంలో. అంతకుముందు కాన్పులోనో యాక్సిడెంట్‌లోనో రక్తం ఎక్కించుకున్న వాళ్ళకి వచ్చి ఉండొచ్చు. అసలు ఈ వైరస్‌ని కనిపెట్టిందే 1989లో, అంటే అంతకుముందు ఎంత మంచి ఆసుపత్రిలో ఎక్కించినా టెస్ట్ చేసే దారే లేదు. పాత రోజుల్లో గాజు సిరంజి సరిగ్గా ఉడకబెట్టకుండా అందరికీ పొడిచిన సూదులు, ఇప్పటికీ కొన్ని పల్లెల్లో జ్వరం అనగానే ఆర్ఎంపీ వేసే సూది, గ్లూకోజ్ బాటిల్, జాతరలో ఒకే సూదితో వరసగా వేసే పచ్చబొట్లు, ఎన్నో ఏళ్ళు చేయించుకున్న డయాలసిస్, ఇవన్నీ దారులే. సూదితో మత్తుమందు తీసుకునే వాళ్ళలో ఎక్కువగా వస్తుందన్నది నిజమే కానీ వాళ్ళ ఒక్కరికే వచ్చేది కాదు.

గుండు గురించి కూడా చానా మంది అడుగుతారు. ఒకరికి వాడిన బ్లేడ్ ఇంకొకరికి వాడితే రిస్క్ ఉంటుంది, అది ఎక్కడైనా అంతే. తిరుమల కళ్యాణకట్టలో టోకెన్‌తో పాటు మీకు బ్లేడ్ ఇస్తారు, మీ బ్లేడ్‌తోనే మీకు గీస్తారు. మీ ఊరి సెలూన్‌లో కూడా కొత్త బ్లేడ్ మీ కళ్ళ ముందే మార్చమని అడగండి, మొహమాటపడొద్దు. చానా మందికి ఎట్లా వచ్చిందో చివరిదాకా తెలియదు, తెలియకపోయినా ట్రీట్‌మెంట్‌కి ఏ అడ్డమూ లేదు.

రియాక్టివ్ అని చెప్పి, ఆపరేషన్ మేము చేయం అని పంపించేశారు. అట్లా చేయొచ్చా?

ఈ కారణంగా ఆపరేషన్ నిరాకరించడం సరికాదు. గ్లవ్స్, వాడిపారేసే సూదులు, సామాన్లు స్టెరిలైజ్ చేయడం, ఈ జాగ్రత్తలన్నీ ప్రతి పేషెంట్‌కీ తీసుకోవాల్సినవే, టెస్ట్ చేయించుకోని వాళ్ళకి కూడా. అర్జెంట్ కాని ఆపరేషన్ అయితే లివర్ ఎట్లా ఉందో చూసుకుని చేద్దామని డాక్టర్ కొన్నాళ్ళు ఆగమనొచ్చు, అది వేరే. "వాయిదా వేశారా, అసలు చేయం అంటున్నారా" అని నేరుగా అడిగి, కారణం ఓపీ చీటీలో రాయమనండి.

## ఆర్ఎన్ఏ టెస్ట్ ఇచ్చి ఎదురు చూస్తున్నప్పుడు

రిజల్ట్ ఎందుకు ఇంత లేట్? ఏదో తేడా ఉంది కాబట్టే ఆపినారా?

ఈ మాట విననిరోజు లేదు. లేట్‌కీ మీ రిజల్ట్‌కీ సంబంధం లేదు. పీసీఆర్ మిషన్ ఒక్కొక్క శాంపిల్‌కి విడిగా వేయరు చానా చోట్ల, కొన్ని శాంపిల్స్ చేరాక ఒక బ్యాచ్‌గా వేస్తారు. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు వైపు చిన్న ల్యాబ్‌లు అయితే శాంపిల్ తీసి తిరుపతికో చెన్నైకో పంపుతాయి, మధ్యలో ఆదివారమో పండగో వస్తే ఇంకో రోజు రెండు రోజులు కలుస్తాయి. మిషన్ చెక్ సరిగ్గా రాకపోతే ఆ బ్యాచ్ మొత్తం మళ్ళీ వేస్తారు, అప్పుడు నెగెటివ్ వాళ్ళది కూడా లేటే. శాంపిల్ ఇచ్చేటప్పుడే "ఏ రోజు బ్యాచ్ వేస్తారు, రిపోర్ట్ ఏ తేదీకి, ఎవరికి ఫోన్ చేయాలి" అని మూడు ముక్కలు అడిగి రాసుకోండి. తేదీ తెలియని ఎదురుచూపు కంటే తేదీ తెలిసిన ఎదురుచూపు ఎంతో నయం.

పరగడుపున ఇవ్వలేదు, టిఫిన్ తిని ఇచ్చినా. రిజల్ట్ తప్పుగా వస్తుందా?

రాదు. హెచ్‌సీవీ టెస్టులకి పరగడుపు అక్కర్లేదు. దాంతో పాటు షుగర్ టెస్ట్ లాంటిది కూడా రాసి ఉంటే దానికోసం ఖాళీ కడుపు అడిగి ఉంటారు.

నేను ఆసుపత్రిలో పనిచేస్తా, పోయిన వారం వాడిన సూది గుచ్చుకుంది. టెస్ట్ నెగెటివ్ వచ్చింది, ఇంక భయం లేదా?

వారానికే చేసిన యాంటీబాడీ టెస్ట్ ఆ సూది సంగతి చెప్పదు, అంతకుముందు మీకు లేదని మాత్రం చెప్తుంది. యాంటీబాడీలు తయారవడానికి మామూలుగా 8 నుంచి 11 వారాలు పడుతుంది, ఆర్ఎన్ఏ అయితే వైరస్ సోకిన ఒకటి రెండు వారాలకే దొరుకుతుంది. డాక్టర్ చెప్పిన టైమ్‌కి ఆర్ఎన్ఏ, తర్వాత కొన్ని నెలలకి యాంటీబాడీ మళ్ళీ చేయించుకోవాలి. ధైర్యం చెప్పే సంగతి ఏందంటే హెచ్‌సీవీ ఉన్న పేషెంట్ సూది గుచ్చుకున్నా 100లో 98 మందికి పైగా సోకదు. సూది గుచ్చుకున్న సంగతి ఆసుపత్రిలో రిజిస్టర్ చేయించండి, సూపర్‌వైజర్ తిడతాడని దాచొద్దు, హౌస్‌కీపింగ్ వాళ్ళు ముఖ్యంగా. హెపటైటిస్ బి, హెచ్ఐవీ గురించి కూడా ఆ రోజే అడగాలి, వాటికి టైమ్‌లోపల ఇవ్వాల్సిన మందులు ఉన్నాయి.

రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఫోన్‌లో వీడియోలు చూస్తా ఉంటే ఇంకా భయమేస్తోంది. ఏం చేయాలి?

మీరొక్కరే కాదు, ఇది అందరూ చెప్పేదే. వీడియోల్లో కనిపించే కడుపు ఉబ్బిన మనుషులు, రక్తపు వాంతులు, ఇవన్నీ ఎన్నో ఏళ్ళు ట్రీట్‌మెంట్ లేకుండా ఉండి లివర్ గట్టిపడిపోయిన వాళ్ళవి. వైరస్ ఒంట్లో నిలిచిపోయిన వాళ్ళలో కూడా 20 ఏళ్ళలో సిరోసిస్ (లివర్ గట్టిపడిపోవడం) దాకా పోయేది 100లో 15 నుంచి 30 మంది, మిగతా వాళ్ళు పోరు. అంటే ఇది ఏళ్ళలో నడిచే జబ్బు, మీరు ఎదురు చూసే ఈ వారం పది రోజుల్లో లివర్‌కి కొత్తగా జరిగిపోయేది ఏమీ లేదు. ఈ ఒక్క మాట రాత్రి పూట గుర్తు తెచ్చుకోండి.

చదవాలనిపిస్తే పగలు చదవండి, అరగంట పెట్టుకుని. రాత్రి భోజనం అయ్యాక ఫోన్ వేరే గదిలో పెట్టండి, అలారం కోసమైతే మామూలు గడియారం చాలు. భయం వచ్చిన ప్రతిసారీ అది ఏ ప్రశ్నో ఒక నోట్‌బుక్‌లో తెలుగులో రాయండి, "నా పిల్లలకి వస్తుందా", "పని చేసుకోవచ్చా", ఇట్లా. పొద్దున్న చూస్తే సగం ప్రశ్నలు డాక్టర్‌ని అడిగితే రెండు నిమిషాల్లో తేలేవే ఉంటాయి, ఆ నోట్‌బుక్కే ఓపీకి తీసుకుపోండి. పనికి పోవడం మానొద్దు. అంగడి ఉంటే అంగడి తెరవండి, పాలు పితికే పని ఉంటే పితకండి, ఖాళీగా కూర్చుంటే బుర్ర అటే పోతుంది.

తిండి మానేసే దాకా, చచ్చిపోదామా అనే ఆలోచన వచ్చేదాకా పోతే అది రిపోర్ట్ వచ్చేదాకా ఆగే సంగతి కాదు. మనసు బాగోలేని వాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, రాత్రి పగలు ఎప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కన ఉన్న మనిషికి కూడా అప్పుడే చెప్పండి.

అద్దంలో కళ్ళు పచ్చగా కనిపిస్తున్నాయి, కుడి పక్కటెముకల కింద నొప్పిగా ఉంది. ముదిరిపోయిందా?

ఈ వైరస్ సోకిన చానా మందికి ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ ఉండదు, అట్లాగే భయంలో ఉన్న మనిషికి లేని లక్షణాలు కూడా కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద చూసుకుంటే కళ్ళ రంగు సరిగ్గా తెలియకపోవచ్చు, పగటి వెలుతురులో ఇంకొకరిని చూడమనండి. నిజంగా కళ్ళు పచ్చబడటం, ఒంటేలు టీ డికాషన్ రంగులో రావడం, కడుపు లేదా కాళ్ళు ఉబ్బడం, నల్లగా తారు మాదిరి విరేచనం, రక్తం వాంతి, మనిషి మాట తడబడి మత్తుగా ఉండటం, వీటిలో ఏది ఉన్నా పీసీఆర్ రిపోర్ట్ కోసం ఆగొద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోండి. రక్తం వాంతి అయితే 108.

మా పెద్దమ్మ పసరు మందు పోయిస్తా రమ్మంటోంది, కామెర్లకి చానా మందికి తగ్గిందంట. తాగొచ్చా?

దయచేసి తాగొద్దు. పసరుతో తగ్గిందనే కామెర్లు ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ లాంటివి, అవి కలుషితమైన నీళ్ళతో వచ్చి చానా మందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, పేరు పసరుకి వస్తుంది. సి అట్లాంటిది కాదు, ఒంట్లో నిలిచిపోతే ఏ ఆకు పసరుతోనూ పోయినట్టు రుజువు లేదు. పైగా ఏం కలుపుతారో తెలియని పసర్లు, భస్మాలు లివర్‌నే దెబ్బతీయొచ్చు, అప్పుడు వచ్చే రిపోర్ట్‌లో వైరస్ వల్ల ఎంత పాడైందో పసరు వల్ల ఎంత పాడైందో డాక్టర్‌కి కూడా తేల్చడం కష్టం. పెద్దమ్మతో గొడవ పడాల్సిన పని లేదు, "రిపోర్ట్ వచ్చేదాకా డాక్టర్ ఏమీ తాగొద్దన్నాడు పెద్దమ్మా" అనండి, ప్రేమతో చెప్పే మనిషి ఆ మాటకి ఆగుతుంది.

పథ్యం ఏం చేయాలి? నూనె, కారం, మాంసం మానేసినా.

మానేయాల్సిన పని లేదు. ఉప్పు లేని చప్పిడి కూడుతో నీరసపడి, ఆ నీరసం చూసి జబ్బు ముదిరిందని భయపడేవాళ్ళు ఉన్నారు. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, గుడ్డు, కోడికూర, ఎప్పుడూ తినేది తినండి. కాఫీ తాగొచ్చు, లివర్‌కి మంచిదే అంటారు. తిండీ తాగుడులో మానాల్సింది ఒక్కటే, సారాయి, బ్రాందీ లాంటి మందు. బీర్ అయినా, పండగ రోజు ఒక్క పెగ్గు అయినా వద్దు. రోజూ బాగా తాగే అలవాటు ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావొచ్చు, డాక్టర్‌కి చెప్పి ఆపండి. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో అడిగి ఏవంటే ఆ గోళీలు వేసుకోవడం కూడా ఆపండి. షుగర్, బీపీ మాత్రలు ఆపొద్దు.

రిపోర్ట్ మంచిగా రావాలని కొండకి నడిచొస్తానని మొక్కుకున్నా. ఇప్పుడే పోవచ్చా?

ఒంట్లో బాగుంటే హాయిగా పోవచ్చు. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు దారి 2,388, మెల్లగా కూర్చుంటూ లేస్తూ ఎక్కండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి పోవాలి. చానా మందికి ఆ నడకలో మనసు కుదుటపడుతుంది.

## ఇంట్లో వాళ్ళు, బయట వాళ్ళు

ఇంట్లో కంచం, గ్లాసు వేరే పెట్టాలా? పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చా?

కంచం వేరే పెట్టొద్దు. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా, పిల్లల్ని ముద్దు పెట్టుకున్నా, దగ్గినా తుమ్మినా ఇది రాదు. మీరు వండి పెట్టొచ్చు. వేరే ఉండాల్సినవి రక్తం అంటుకునే వస్తువులు: రేజర్, బ్లేడ్, టూత్‌బ్రష్, గోళ్ళు తీసేది, షుగర్ చెక్ చేసే సూది. గాయమైతే ప్లాస్టర్ వేసుకోండి, రక్తం కింద పడితే ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్ళు కలిపి తుడవండి. రిజల్ట్ తేలేదాకా రక్తదానం చేయొద్దు.

నా భర్తకి చెప్పాలా? చెప్తే ఏమనుకుంటాడో అని భయం.

చెప్పడమే మంచిదని నా అభిప్రాయం, కానీ ఎప్పుడు ఎట్లా అనేది మీ ఇల్లు మీకు తెలుసు. భార్యాభర్తల మధ్య కలయిక వల్ల ఇది సోకడం చానా అరుదు, రక్తస్రావం ఉన్నప్పుడు రిస్క్ పెరుగుతుంది, అందుకని రిజల్ట్ తేలేదాకా కండోమ్ వాడితే ఇద్దరికీ నిశ్చింత. చెప్పేటప్పుడు "నాకు హెపటైటిస్ సి వచ్చింది" అని మొదలుపెట్టొద్దు. "ఒక టెస్ట్‌లో అనుమానం వచ్చింది, ఇంకో టెస్ట్ ఇచ్చినా, ఫలానా రోజు తెలుస్తుంది, ఉన్నా 3 నెలల మాత్రలతో పోతుందంట" అనండి, ఉన్న సంగతి అంతే. కొట్టే మనిషి, ఇంట్లోంచి పంపించే మనిషి అయితే ముందు అమ్మనో అక్కనో డాక్టర్‌నో తోడు పెట్టుకోండి. చుట్టాలందరికీ చెప్పాల్సిన అవసరం ఏమాత్రం లేదు, ఒక్క నమ్మకమైన మనిషి చాలు.

మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది, బ్లడ్ క్యాంప్‌లో రక్తం ఇస్తే రియాక్టివ్ అని పిలిచి చెప్పారు. సంబంధం వదులుకోవాలా?

ఆ మాట అనుకోవద్దు అన్నా. ఇంకా ఆర్ఎన్ఏ రాలేదు, రాకుండా ఏ నిర్ణయమూ వద్దు. ఒకవేళ వైరస్ ఉందని తేలినా మూడు నెలలు మాత్రలు వాడితే 100లో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది, తర్వాత కాపురం, పిల్లలు అన్నీ మామూలే. అవతలి వాళ్ళకి చెప్పాలా వద్దా అనేది ముందు అమ్మాయిని అడగండి, రిపోర్ట్ ఆమెది. ఆమెకి తెలియకుండా పెద్దవాళ్ళు కూర్చుని తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు.

ఆరో నెల. గర్భంతో ఉన్నప్పుడు రియాక్టివ్ వచ్చింది. బిడ్డకి వస్తుందా?

మీకు రక్తంలో వైరస్ ఉంటేనే బిడ్డకి రిస్క్, అప్పుడు కూడా 100 మంది బిడ్డల్లో సుమారు 5, 6 మందికే వస్తుంది. దీనికోసమే సిజేరియన్ చేయాల్సిన పని లేదు. పాలు ఇవ్వొచ్చు, చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే ఆ పుండు మానేదాకా ఆపాలి. మందులు మామూలుగా కాన్పు అయ్యాక మొదలుపెడతారు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో ఏడాదిన్నర దాకా ఉండొచ్చు కాబట్టి ఆలోపు బిడ్డకి యాంటీబాడీ టెస్ట్ చేసి రియాక్టివ్ అని ఏడవొద్దు, బిడ్డకి ఏ టెస్ట్ ఎప్పుడనేది పిల్లల డాక్టర్ చెప్తారు.

కువైట్ పోవాలని మెడికల్‌కి పోతే హెచ్‌సీవీ అని అన్‌ఫిట్ చేశారు. ఏజెంట్ డబ్బులిస్తే క్లియర్ చేయిస్తా అంటున్నాడు.

ఇవ్వొద్దు తమ్ముడూ. రక్తంలో ఉన్న యాంటీబాడీని ఏజెంట్ తీసేయలేడు, డబ్బులు పోతాయి, దొంగ రిపోర్ట్ కేసు నీ మీద పడుతుంది. ముందు ఆర్ఎన్ఏ చేయించుకో. లేకుంటే ఆ రిపోర్ట్, ఉంటే ట్రీట్‌మెంట్ అయ్యాక వచ్చే రిపోర్ట్ దగ్గర పెట్టుకో. నయమైనా యాంటీబాడీ టెస్ట్ రియాక్టివ్‌గానే వస్తుంది కాబట్టి, ఆర్ఎన్ఏ రిపోర్ట్‌ని వాళ్ళు ఒప్పుకుంటారా లేదా అని మెడికల్ సెంటర్‌లోనే నేరుగా అడిగి, ఆ తర్వాతే వీసాకి అప్పు చేయి. అన్‌ఫిట్ అయిన బాధ నిజమైనదే, ఇంటి మీద అప్పులు ఉంటాయి, కానీ ఆ కాగితం వల్ల సంగతి ముందే బయటపడింది, వైరస్ ఉందని తేలితే ట్రీట్‌మెంట్ మాత్రం వదిలేయొద్దు.

## రిజల్ట్ చేతికి వచ్చాక

"నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది. నమ్మొచ్చా?

నమ్మొచ్చు. ఇప్పుడు మీ రక్తంలో వైరస్ లేదు, మందులు అక్కర్లేదు. గత ఆరు నెలల్లో రక్తం ఎక్కించుకోవడం, సూది గుచ్చుకోవడం లాంటిది ఏదైనా ఉంటే డాక్టర్ మళ్ళీ ఒకసారి చేయమంటారు, లేకపోతే ప్రతి నెలా టెస్ట్ చేయించుకుంటూ పోవాల్సిన పని లేదు. ఒకసారి పోయింది కాబట్టి మళ్ళీ రాదని కూడా కాదు, ఈ వైరస్‌కి టీకా లేదు, మళ్ళీ కలుషిత రక్తం తగిలితే మళ్ళీ సోకుతుంది.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) 23 లక్షలు అని వచ్చింది! బతుకుతానా?

బతుకుతారు. ఈ వైరస్‌లో లక్షల్లో రావడం మామూలే. 40 వేలు వచ్చిన మనిషి కంటే 23 లక్షలు వచ్చిన మనిషి లివర్ ఎక్కువ పాడైందని అర్థం కాదు, మాత్రలు కూడా ఇద్దరికీ దాదాపు ఒకటే. లివర్ పరిస్థితి చెప్పేవి ప్లేట్‌లెట్లు, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చెప్పే రక్త పరీక్ష), స్కానింగ్, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కాన్). డాక్టర్ హెపటైటిస్ బి కూడా చూస్తారు, ఎందుకంటే బి కూడా ఉంటే సి మందులు వాడేటప్పుడు అది రెచ్చిపోవచ్చు.

ట్రీట్‌మెంట్ అంటే ఏడాది ఇంజెక్షన్లు, లక్షల ఖర్చు, జుట్టు ఊడిపోతుంది అంటున్నారు. నిజమేనా?

అది పాత కాలం మాట. అప్పట్లో ఇంటర్ఫెరాన్ సూదులు ఏడాది దాకా వేసేవాళ్ళు, జ్వరం, దిగులు, జుట్టు ఊడటం ఉండేవి, అయినా చానా మందికి తగ్గేది కాదు. ఆ రోజులు చూసిన వాళ్ళ మాటే ఇంకా ఊళ్ళల్లో తిరుగుతోంది. 2013 చివర్లో సోఫోస్బువిర్ అనే మాత్ర వచ్చాక కథ మారింది. అమెరికాలో మొదట ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, తర్వాత మన దేశ కంపెనీలే తయారు చేయడంతో ధర బాగా తగ్గింది. ఇప్పుడు సోఫోస్బువిర్‌తో డక్లాటాస్‌విర్ గానీ వెల్పటాస్‌విర్ గానీ కలిపి 12 వారాలు నోటితో వేసుకునే మాత్రలు, సిరోసిస్ ఉంటే కొందరికి 24 వారాలు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద టెస్టులు, మందులు ప్రభుత్వ సెంటర్లలో ఫ్రీగా ఇస్తారు. మాత్రలు అయిపోయిన 12 వారాలకి ఇంకోసారి ఆర్ఎన్ఏ చేస్తారు, అప్పుడు లేకపోతే నయమైనట్టు. మధ్యలో బాగుందని ఆపేయొద్దు, గ్యాస్ మాత్రలు, గుండె మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

దీనికి వెల్లూరు పోవాలా, తిరుపతిలో అవుతుందా?

మన చిత్తూరు వాళ్ళకి ఏ పెద్ద జబ్బు అన్నా వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి గుర్తొస్తుంది, పోతే తప్పు లేదు. కానీ ఇది చానా మందికి మూడు నెలల మాత్రలతో అయ్యే పని, నెలకోసారి మందులకి, చెకప్‌కి తిరగాలి, ఇంటికి దగ్గరగా ఉంటేనే మధ్యలో మానకుండా ఉంటారు. ముందు మీ జిల్లా పెద్దాసుపత్రిలోనో, తిరుపతి రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లోనో ఓపీలో "హెపటైటిస్ ఫ్రీ మందుల సెంటర్ ఎక్కడ" అని అడగండి. తిరుపతి, చిత్తూరు 2022 నుంచి వేరే జిల్లాలు కాబట్టి ఆధార్‌లో ఏ అడ్రస్ ఉందో చూసుకుని పోతే కౌంటర్ల దగ్గర తిరిగే పని తగ్గుతుంది. లివర్ బాగా గట్టిపడింది, కడుపులో నీరు ఉంది అంటే మాత్రం లివర్ స్పెషలిస్ట్ దగ్గరే చూపించుకోవాలి.

నయమైంది కదా, ఈ రిపోర్టులన్నీ పారేయొచ్చా?

పారేయొద్దు. యాంటీబాడీ టెస్ట్ మీకు ఎప్పుడు చేసినా రియాక్టివ్ అనే రావొచ్చు, పదేళ్ళ తర్వాత మోకాలి ఆపరేషన్‌కో కాన్పుకో పోతే మళ్ళీ ఇదే భయం, ఇదే పరుగు. మొదటి రియాక్టివ్ రిపోర్ట్, ఆర్ఎన్ఏ రిపోర్ట్, మందులు వాడిన చీటీ, చివరి నాట్ డిటెక్టెడ్ రిపోర్ట్, ఈ నాలుగూ ఒక కవర్‌లో పెట్టి, ఫోటోలు తీసి మీ ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. బిల్లు కాగితం మాదిరి నున్నగా ఉండే పేపర్ మీద ప్రింట్ ఇచ్చి ఉంటే లామినేషన్ చేయించొద్దు, వేడికి నల్లగా అయిపోతుంది, జిరాక్స్ తీయించి జిరాక్స్‌ని లామినేట్ చేయించండి.